నాలుగో మూల

నాందేడ్ మోండాలో, అంటే గింజల మార్కెట్లో, మా ఉస్తాద్ గురించి ఎవరినడిగినా ఒకటే మాట చెప్తారు. "మనిషి మంచోడే గని పని మీద ధ్యానం లేదు." ఇలా చెప్పేవాళ్ళలో సగం మంది కాంటాలు ఆయన చెయ్యి పడ్డాకే నిజం చెప్పడం నేర్చుకున్నాయి. ఆ సంగతి వాళ్ళు చెప్పరు. కాంటాలకు నోరు లేదు. అందుకని నేను చెప్పాల్సి వస్తోంది. నాకు కొంచెం కోపంగా ఉంది. కొంచెం అన్నది మర్యాద కోసం.

మా దగ్గర తూచేదేదైనా కాంటానే. కూరగాయల బండి మీద ఉండే చిన్నదీ, పంట కొనే దళారుల అడత్ దుకాణాల్లో బస్తాలు తూచే పెద్ద పళ్ళేనిదీ. వీటిని బాగుచేసి, ఏడాదికోసారి సరిచూసి పెట్టడానికి సర్కారు పరవానా ఉన్న మెకానిక్‌లు ఉంటారు. మా ఉస్తాద్ అటువంటివాడు. నేను ఫిజిక్స్‌లో బీఎస్సీ చేసి, రెండేళ్ళు ఉద్యోగాల ఫారాలు నింపి, ఆ కళలో నిష్ణాతుణ్ణయ్యాక ఆయన దగ్గర పనికి చేరాను. పాత బజారులో మా నాన్నకు కిరాణా దుకాణం ఉంది. "డిగ్రీ సదివి పానా వట్టుకుంటవా" అన్నాడు నాన్న. డిగ్రీతో అప్పటిదాకా ఒక్క బోల్టు కూడా తిరగలేదని నేను అనలేదు. ఆయనకే తెలుసు.

ఉస్తాద్ దుకాణం ఒక దర్జీ కొట్టు పక్కన రేకుల గది. తొమ్మిదింటికి తెరుస్తామని బోర్డు మీద ఉండేది. పదకొండుకు తెరిచేవాడు. తెరిచి, నన్ను కూర్చోబెట్టి, పేపర్ చదవడానికి ఎదురుగా మంగలి దుకాణానికి వెళ్ళేవాడు. ఎవరైనా కాంటా ఆగిపోయిందని రొప్పుతూ వస్తే, "ఆగింది గద, సావలే గద. కూసో, చాయ్ తాగు" అనేవాడు. ఆ వచ్చినవాడు చాయ్ తాగుతుంటే ఈయన అతని కాంటా గురించి కాక అతని మరదలి పెళ్ళి గురించి అడిగేవాడు. మధ్యలో ఎప్పుడో కాంటా నడవడం మొదలయ్యేది. ఎప్పుడు చెయ్యి పెట్టాడో నాకు కనబడేది కాదు. అతనికీ కనబడేది కాదు. అందుకే బయటికెళ్ళి, "ఏం జెయ్యలే, ముచ్చట పెట్టిండు అంతే" అని చెప్పేవాడు.

మొదటిరోజు నన్ను అడిగాడు.

"ఫిజిక్స్ సదివినవా?"

"అవును."

"బరువంటే ఏంది?"

ద్రవ్యరాశి, గురుత్వం, వాటి లబ్ధం, అన్నీ విడమర్చి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"మస్తుగ జెప్పినవ్. ఇగ గా మూలకు ఇరవై కిలోల తూకపు రాళ్ళు మూడున్నయ్. స్కూటర్ మీదికి ఎక్కియ్. మిగిలింది అదే జెప్తది."

ఆ రోజు నుంచి నా పేరు బీఎస్సీ.

నాకు మింగుడుపడనిది ఒక్కటే, ఆయన నాట్యం. ఏ షెడ్డుకు వెళ్ళినా, తూకపు రాళ్ళు పళ్ళెం నడుమ పెట్టి చూసి, తీసేసి, చెప్పులు విడిచి తనే పళ్ళెం మీదికి ఎక్కేవాడు. ఏదో పాట కూనిరాగం తీస్తూ ఒక మూల నుంచి ఇంకో మూలకు గెంతేవాడు. ఒక్కో మూల మీద ఒంటికాలి మీద నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టి, కాసేపు ఆగేవాడు. హమాలీలు చప్పట్లు కొట్టేవాళ్ళు. సేట్లు "నాచ్‌నేవాలా ఆగయా" అని లోపలివాళ్ళను పిలిచేవాళ్ళు. ఆ సమయంలో చదువుకున్న మనిషిగా నేను సంచీలో పానాలు లెక్కపెట్టేవాణ్ణి. మొత్తం ఏడు. ఎప్పుడు లెక్కపెట్టినా ఏడే.

నాలుగైదు నెలలు గడిచాక ఒకరోజు పత్తి షెడ్డులో గెంతి దిగుతూ, "బీఎస్సీ, కుడిదిక్కు ముంగటిది నూరు గ్రాములు తాగుతది, ఇప్పు" అన్నాడు, అదే పాట రాగంలో. అప్పుడు వెలిగింది నాకు. పెద్ద కాంటా పళ్ళెం కింద నాలుగు మూలలా నాలుగు కాళ్ళుంటాయి. నడుమ పెట్టిన బరువును నాలుగూ పంచుకుంటాయి కాబట్టి ఏ ఒక్కదాని దొంగతనమైనా అందులో దాగిపోవచ్చు. ఒక్కో మూల మీద ఒకే బరువు విడిగా నిలబెట్టి చూస్తేనే బయటపడుతుంది. ఆ బరువు ఆయనే. ఆయన గెంతుతూ కూనిరాగం తీసినంతసేపూ కళ్ళు అంకెల మీదే ఉండేవి. రాళ్ళు మూలమూలకూ మోసి చూస్తే సేటుకు అనుమానం, కోపం, వాదన. గెంతితే నవ్వు. నవ్వుతున్నవాడు ఏం చూస్తున్నామని అడగడు.

"ముందే చెప్పొచ్చు కదా ఉస్తాద్" అన్నాను.

"నువ్వు పానాలు లెక్కవెడ్తుంటివి. నడుమల ఎందుకని."

ఇక అసలు సంగతి. మా నాందేడ్ జిల్లాలోనే ఉన్న హిమాయత్‌నగర్‌లో మావాళ్ళ సేటు ఒకడున్నాడు. మా నాన్నకు స్నేహితుడు, మాకు చుట్టరికం లేకపోయినా నేను మామ అని పిలిచేవాణ్ణి. ఆయనకు సోయా కొనే అడత్ దుకాణం. ఒక ఏడు సీజన్‌కు ముందు మా దుకాణానికి వచ్చి, ఉస్తాద్ పక్కన కూర్చుని, గొంతు తగ్గించాడు.

"కాంటా జర మన దిక్కు ఉండాలె ఉస్తాద్. బస్తకు ఎక్కువ గాదు, కొంచెం."

ఉస్తాద్ పేపర్ మడిచి విసురుకున్నాడు. "సేటూ, గట్ల జేస్తే అది మనిద్దరిని సూసి నవ్వుతది. నాకసలే సిగ్గు."

మామ కూడా నవ్వాడు. లేస్తూ, "ఈసారి సర్వీసుకు మా అల్లున్ని పంపు. ఇంటి పోరడు" అన్నాడు, నా భుజం తట్టి. నాకు గౌరవంగా అనిపించింది. బీఎస్సీలో అనుమానపడటం గురించి పేపర్ లేదు.

ఒక్కణ్ణే వెళ్ళాను. షెడ్డులో నాకోసం కుర్చీ వేశారు. ఉల్లిగడ్డ బజ్జీలు తెప్పించారు. మామ అల్లుళ్ళిద్దరు, ఒక వియ్యంకుడు, గల్లాపెట్టె దగ్గర ఒక ముసలాయన, అందరూ మా ఇంటి విషయాలు అడుగుతూ చుట్టూ కూర్చున్నారు. రాళ్ళు నడుమ పెట్టాను. సరిగ్గా చూపించింది. ఇక చెప్పులు విడిచి ఎక్కాలి. నేను ఆ నలుగురి ముఖాలు చూశాను. పెళ్ళీడుకొచ్చిన పిల్లాడు, డిగ్రీ చదివినవాడు, మనవాళ్ళ ముందు కాంటా మీద గెంతుతున్నాడన్న మాట హిమాయత్‌నగర్ నుంచి పాత బజారుకు బస్సు కన్నా ముందు చేరుతుంది. నేను ఎక్కలేదు. గోడకు వేలాడే కార్డు మీద ఉస్తాద్ పరవానా నంబరు రాసి, అంతా సరిగా ఉందని టిక్కు పెట్టి వచ్చాను.

"ఎక్కినవా?" అన్నాడు ఉస్తాద్ సాయంత్రం.

ఎక్కానన్నాను. ఎక్కింది బస్సు.

నెల తిరిగేసరికి ఫిర్యాదు వచ్చింది. ఇస్లాపూర్ దగ్గరి పల్లె నుంచి ఒక ఆడమనిషి, మా అమ్మ వయసుది. తరతరాలుగా ఒకరి చేనులో కూలి చేసిన ఇల్లు. ఆ ఏడు మొదటిసారి రెండెకరాలు పాలుకు తీసుకుని సోయా వేసింది. ఎనిమిది బస్తాలయ్యాయి. ఊరి పిండిగిర్నీలో ఒక్కో బస్తా అరవై కిలోలకు సరిగ్గా తూయించి, మూతి కుట్టించి, టెంపోలో వేసుకుని ఆ బస్తాల మీదే కూర్చుని హిమాయత్‌నగర్ వచ్చింది. మామ కాంటా మీద ప్రతి బస్తా యాభై ఎనిమిది తూగింది.

"దారిల ఎండినయ్" అన్నాడట మామ.

"ఇస్లాపూర్ కాడికెల్లి గీడికచ్చెతల్లకు రెండు కిలోలు ఎండినయా సేటూ? వాటి మీద కూసోని అచ్చిన, మరి నేనెందుకు ఎండలే?"

హమాలీలు నవ్వారట. మామ నవ్వలేదు. ఆమె బస్తాలు అమ్మనూ లేదు, కదలనూ లేదు. రెండు రోజులు షెడ్డులోనే వాటి మీద కూర్చుంది. ఎవరో జిరాక్స్ దుకాణం అతను జాలిపడి అర్జీ రాసిపెట్టాడు. మూడో రోజు తూనికల శాఖ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని కబురొచ్చింది. కార్డు మీద నంబరున్న మెకానిక్‌ను కూడా రమ్మన్నారు. నాందేడ్ నుంచి పొద్దుటి బస్సులో ఇద్దరం బయల్దేరాం. ఉస్తాద్ నా భుజం మీద తల పెట్టి దారి పొడుగునా నిద్రపోయాడు. నేను నిద్రపోలేదు.

ఇన్‌స్పెక్టర్ మరాఠీ మనిషి, తొందరలో ఉన్నా తిన్నగా మాట్లాడేవాడు. తన తూకపు రాళ్ళు పళ్ళెం నడుమ పెట్టించాడు. ఇరవై, నలభై, అరవై. ఒక్క గ్రాము తేడా లేదు. మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ సరిగ్గానే ఉంది.

మామ చేతులు కట్టుకుని ఆమె వైపు తిరిగాడు. "సూసినవా? ఇగ ఇజ్జత్ దారులను బద్నాం జేస్తరు వీళ్ళు. గిర్నీ కాంటా సక్కగుందో లేదో సూసుకోవాలె ముందుగాల."

చుట్టూ చేరినవాళ్ళంతా ఆమెను చూశారు. మొన్న ఆమె మాటకు నవ్విన హమాలీలు కూడా. ఆమె బస్తా మూతికుట్టు మీద చెయ్యి వేసుకుంది. ఇన్‌స్పెక్టర్ కలం తీశాడు. ఫిర్యాదు అబద్ధమని రాస్తే అయిపోతుంది. మామ పరువు నిలుస్తుంది, ఉస్తాద్ పరవానా నిలుస్తుంది, నా టిక్కు నిలుస్తుంది. అందరం చాయ్ తాగి మధ్యాహ్నం బస్సుకు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ షెడ్డులో నష్టపోయేది ఒక్క ఆమే, ఆమెకు నష్టం కొత్త కాదని అక్కడున్న వాళ్ళందరి అభిప్రాయం.

ఉస్తాద్ ఆవులించాడు. చెప్పులు విడిచాడు.

"సాహెబ్, ఒక్కపారి నేను ఎక్కుతా."

"అబ్బ, మొదలువెట్టిండు" అన్నాడు మామ. కానీ ముఖంలో రంగు మారింది. నేను చూశాను.

ఆయన నడుమ నిలబడ్డాడు. డెబ్బయి నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. కుడి ముందు మూలకు గెంతాడు. అంతే. ఎడమ ముందు, అంతే. కుడి వెనక, అంతే. గోడ వైపున్న నాలుగో మూల మీద ఒంటికాలి మీద నిలబడి నడుం మీద చెయ్యి పెట్టాడు. డెబ్బయి ఒకటీ ఏడు వందలు.

"మూడు మూలల నేను ఒకటే మనిషిని" అన్నాడు కిందికి చూస్తూ. "గీడికచ్చెతల్లకు రెండున్నర కిలోలు సన్నగైన. సేటూ, గీ మందు ఏందో మా ఇంటామెకు జెప్పవా, ఏండ్ల సంది నా పొట్ట మీద పడ్డది."

హమాలీలు మళ్ళీ నవ్వారు. ఇన్‌స్పెక్టర్ నవ్వకుండా దగ్గరికొచ్చి వంగి చూశాడు. ఆ మూలలోనే పళ్ళెం మీది రంగు అరిగి ఇనుము తేలింది. మిగతా మూడు మూలలూ కొత్త పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. బస్తాలు ఎక్కడ పెడతారని ఆయన ఒక హమాలీని అడిగాడు. ఆ మనిషి మామను చూశాడు, రేకుల కప్పును చూశాడు. చివరికి, "గోడ దిక్కు పెట్టుమంటరు" అన్నాడు.

ఉస్తాద్ పళ్ళెం ఎత్తి పట్టి చూపించాడు. ప్రతి మూల కింద, మరీ ఎక్కువ బరువు పడితే యంత్రం విరగకుండా ఆపడానికి ఒక బోల్టు ఉంటుంది. అది పళ్ళేనికి దూరంగా ఉండాలి. ఈ మూలది దాదాపు తగిలేలా పైకి తిప్పి ఉంది. నడుమ బరువు పెడితే తగలదు. బస్తా మొత్తం ఆ మూల మీదే కూర్చుంటే పళ్ళెం వెంట్రుకవాసి కుంగి బోల్టుకు ఆనుతుంది. రెండు కిలోలు బోల్టు మోస్తుంది, అంకెల్లోకి రానివ్వదు. ఎవరు చేశారో గాని ఫిజిక్స్ వచ్చినవాడే.

మామ తేరుకున్నాడు. ఆ వేగానికి మెచ్చుకోవాలి. "గది మెకానిక్ పని సాహెబ్. బోల్టులు మాకేం ఎరుక? గీనె నిర్లక్ష్యానికి మేం బద్నాం అయితున్నం."

ఇన్‌స్పెక్టర్ కార్డు తీసి నంబరు చూశాడు. "సర్వీసు ఎవరు చేశారు?"

నేను నోరు తెరిచాను. ఉస్తాద్ నా పాదం మీద కాలు పెట్టాడు. డెబ్బయి నాలుగు కిలోల రెండు వందలు, ఏ బోల్టూ అడ్డం లేకుండా.

"నేనే సాహెబ్."

"కోపరే పాహిలే హోతే కా?" మూలలు చూశావా అని.

"మర్సిపోయిన."

బజ్జీల రోజున నా చుట్టూ కూర్చున్నవాళ్ళు ఆ పూట లేరు కాబట్టి, ఆ షెడ్డులో ఇది అబద్ధమని తెలిసినవాళ్ళం ముగ్గురం. ఉస్తాద్‌కు ఆ నిమిషమే తెలిసింది, నేను ఆ సాయంత్రం ఎక్కానన్నది ఏమిటో. నాకు తెలుసు. మామకూ తెలుసు, బజ్జీలు పెట్టింది ఆయనే. మామ నా ముఖం చూసి, గల్లాపెట్టె వైపు తిరిగి, ఏదో సర్దుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత ఉస్తాద్ కాలు తీసేశాడు. నా నోరు నాదే, నా కాలు నాదే. అయినా నేను మాట్లాడలేదు. పాదం నొప్పి అని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

బోల్టు దించి ఎనిమిది బస్తాలూ మళ్ళీ తూచారు. అరవై, అరవై, అన్నీ అరవై. ఆమె ప్రతి అంకెనూ వేలితో చూపించి పక్కనున్నవాడితో చదివించుకుంది. పోతూ పోతూ ఉస్తాద్ ముందు ఆగింది. కృతజ్ఞత చెప్తుందనుకున్నాను.

"నీకు ఎక్కుడు అత్తది గద. గప్పుడే ఎక్కి సూస్తే నేను రెండు దినాలు గీడ గిట్ల ఎందుకు కూసుందును? పని సక్కగ జెయ్యాలె బాపూ."

"తప్పైంది అవ్వా" అన్నాడు ఉస్తాద్, తల వంచి. పక్కనే తూకపు రాళ్ళ సంచీ పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. అది అంత బరువు ఎప్పుడూ అనిపించలేదు.

బస్సులో అన్నాను. "నేనని చెప్పేస్తాను ఉస్తాద్."

"ఎవలకు?"

"ఆఫీసులో. ఎక్కలేదని."

"నాకు జెప్పినవ్ గద ఇప్పుడు. సాలు." కిటికీ మూసుకున్నాడు. "నీ పరవానా అర్జు ఆఫీసుల ఉన్నది. అండ్ల మొదటి కాయితమే ఫిర్యాదైతే ఆ ఫైలు ఇగ లేవది. నాది ముసలి పరవానా. పడ్డా లేస్తది, లేవకుంటే పండుకుంటది. దానికి అలవాటే." చెప్పి తను పడుకున్నాడు.

విచారణ తేలేదాకా ఆయన పరవానా ఆపేశారు. మామ అక్కడికక్కడే జరిమానా కట్టి, వారం లోపల కొత్త కాంటా తెచ్చుకుని, కొబ్బరికాయ కొట్టి సోయా కొనసాగించాడు. మోండాలో మాట మాత్రం ఉస్తాద్ గురించే. "ఎగిరేటోనికి కాంటా అప్పజెప్తే గంతే గద." ఏళ్ళ తరబడి ఆయన చేత ఉట్టిపుణ్యానికి పని చేయించుకున్నవాళ్ళు ఈ మాట అన్నారు. ఆయన మంగలి దుకాణంలో కూర్చుని వాళ్ళతో కలిసి నవ్వాడు. "నిజమే, ఎగురుడు ఎక్కువైంది" అన్నాడు. వచ్చిన గిరాకీని వేరే మెకానిక్ దగ్గరికి దారి చెప్పి పంపేవాడు, అతని దుకాణంలో చాయ్ కూడా బాగుంటుందని చెప్పి మరీ.

నేను కూడా అలాగే ఊరుకుని ఉండేవాణ్ణేమో. అంతలో మామ మా ఇంటికి వచ్చాడు. నాన్న పక్కన కూర్చుని చాయ్ పోసుకుని, ఆ మెకానిక్ నిర్లక్ష్యం గురించి మొత్తం చెప్పాడు. నాన్న తల ఊపాడు. వెళ్తూ మామ నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళి, భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వే అచ్చినవని నేను సాహెబ్‌కు జెప్పలే. మనోడివి అని. నీ ఇజ్జత్ నేను కాపాడిన అల్లుడా, యాది పెట్టుకో."

మనిషికి సిగ్గు ఏ మూల అరిగిపోయిందో చూడటానికి ఏ కాంటా అక్కర్లేదు, అప్పుడప్పుడు భుజం మీద చెయ్యి వేయించుకుంటే చాలు. నన్ను కాపాడింది తనట. బోల్టు తిప్పించినవాడు, అందుకు ఇంకొకడు నిందపడుతుంటే గల్లాపెట్టె సర్దుకున్నవాడు, ఆ మౌనాన్ని కూడా నా పేరున ఉపకారంగా రాసుకున్నాడు. ఆ బోల్టు నేను వెళ్ళకముందే తిప్పించాడో, వెళ్ళాక తిప్పించాడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎక్కి ఉంటే తెలిసేది.

మర్నాడు తూనికల ఆఫీసుకు వెళ్ళి మరాఠీలో ఒకటిన్నర పేజీ రాసి ఇచ్చాను. సర్వీసుకు వెళ్ళింది నేను, మూలలు చూడనిది నేను, ఉస్తాద్‌కు అబద్ధం చెప్పింది నేను. సర్వీసుకు నన్నే పంపమని అడిగింది ఎవరో, అంతకు ముందు ఏం అడిగారో కూడా రాశాను. గుమాస్తా చదివి, "తుమ్చాచ్ అర్జ్ పణ్ ఇథేచ్ ఆహే నా" అన్నాడు. నా అర్జీ కూడా ఇక్కడే ఉంది కదా అని. ఉందన్నాను. ఠప్పున ముద్ర వేశాడు.

విచారణకు పిలిచినప్పుడు ఉస్తాద్‌కు తెలిసింది. బయటికొచ్చాక నడిరోడ్డు మీద ఆగాడు.

"ఎవలు రాయమన్నరు నిన్ను?"

"ఎవరూ అనలేదు."

"నేను జేసిందంత నీళ్ళల్ల వోసినవ్."

"మీరు చేసింది తప్పు ఉస్తాద్."

"ఎరుకే నాకు" అన్నాడు. తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నాలుగు రోజులూ దుకాణం సరిగ్గా తొమ్మిదింటికి తెరిచాడు. అంత కోపం ఆయనలో నేను మళ్ళీ చూడలేదు. దర్జీ కూడా భయపడ్డాడు.

సీజన్ అయిపోయాక కాగితాలు వచ్చాయి. నా అర్జీ తిరస్కరించారు, కొంతకాలం ఆగి మళ్ళీ పెట్టుకోవచ్చన్నారు. అది న్యాయమే. ఆయన పరవానా తిరిగి ఇచ్చారు. దానితో పాటు ఇంకో కాగితం. సదరు మెకానిక్ ఇకముందు పనిలో జాగ్రత్త వహించాలని తాకీదు. నాలుగో మూలను బయటపెట్టిన మనిషికి. తన నంబరు కిందే ఉన్న తప్పును, ఎవరూ అడగకుండా, తనే ఎక్కి చూపించిన మనిషికి. నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, చించుదామని మడిచాను.

ఉస్తాద్ నా చేతిలోంచి లాక్కున్నాడు. "ఏ, ముద్ర మంచిగ వడ్డది. గోడకు పెడ్దాం. మొల ఉందా?"

"లేదు."

"డబ్బల ఉంటయ్ సూడు."

"ఉన్నా ఇవ్వను."

ఆయనే లేచి దర్జీ దగ్గరికి వెళ్ళి ఒక మేకు అడుక్కొచ్చాడు. పరవానాకు ఒక పక్క తాకీదు కొట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. వచ్చిన గిరాకీ చాయ్ తాగుతూ అది చదివి, ఏం తప్పు చేశాడీయన అని నన్నే అడుగుతారు. చెప్పడానికి సమయం పడుతుంది. నేను మొదలుపెట్టేలోపు వాళ్ళ కాంటా బాగవుతుంది, లేచి వెళ్ళిపోతారు.